ఫెడరల్ హెచ్‌ఎస్‌టీ 147 గ్రెయిన్ 9 ఎంఎం: పదేపదే చాంబర్‌లోకి వెళ్ళి వచ్చే తూటాగా దీని సామర్థ్యం

ఆత్మరక్షణ కోసం వెంట ఉంచుకునే పిస్తోలులో వేసే తూటాలను సమీక్షించేవారు సాధారణంగా రెండు సంగతులు చూసి ఆపేస్తారు: శరీరపు మాంసానికి బదులుగా వాడే జెలటిన్ దిమ్మెలో బుల్లెట్ (తూటాలోంచి ఎగిరివెళ్ళే ముక్క) ఎంత లోతుకు దిగింది, ఎంత వెడల్పుగా విచ్చుకుంది. 1986 ఏప్రిల్‌లో మయామిలో జరిగిన కాల్పుల తర్వాత ఎఫ్‌బీఐ రూపొందించుకున్న పరీక్షా పద్ధతి అందరికీ ఆదర్శమైంది కాబట్టి, 12 నుంచి 18 అంగుళాల లోతు అన్న ప్రమాణాన్ని దాటిన తూటా మంచిదే అని తీర్పు చెప్పేస్తారు. ఆ పరీక్ష అవసరాన్ని నేను కాదనను. అయితే ఆ దిమ్మెలోకి కాల్చిన తూటా డబ్బాలోంచి అప్పుడే తీసిన కొత్త తూటా. నా పిస్తోలు చాంబర్‌లో, అంటే గొట్టం వెనుక తూటా కూర్చునే గదిలో, ఉన్నది నెలల తరబడి లోపలికి వెళ్ళి, బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళిన తూటా. ఈ రెండూ ఒకటేనా అన్న ప్రశ్నకు జవాబు ఆ పరీక్షలో దొరకదు. ఫెడరల్ కంపెనీ హెచ్‌ఎస్‌టీ 147 గ్రెయిన్ (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలిచే ప్రమాణం) తూటాను నేను ఈ ఒక్క కోణంలోనే పరిశీలించాను. ఇంట్లో చిన్నపిల్లలు ఉండి, లైసెన్సుతో తుపాకీ వెంట ఉంచుకునే ప్రతి ఒక్కరికీ ఈ కోణం మిగతావాటికంటే ముఖ్యమని నా నమ్మకం.

ముందుగా వస్తువు గురించి. 1922లో మొదలైన ఫెడరల్ కంపెనీ మిన్నెసోటా రాష్ట్రంలోని అనోకాలో ఉంది. హెచ్‌ఎస్‌టీ ఆ కంపెనీ తయారుచేసే హాలో పాయింట్ తూటా, అంటే బుల్లెట్ ముక్కు బోలుగా ఉండి తగలగానే విచ్చుకునే రకం. అంతకుముందు పేరుపొందిన హైడ్రా షాక్‌కు తర్వాతి తరం. హైడ్రా షాక్ బుల్లెట్ బోలులో మధ్యన నిలబడి ఉండే చిన్న స్తంభం ఇందులో లేదు. బుల్లెట్‌నూ పేలుడు మందునూ పట్టి ఉంచే ఇత్తడి కేసు మీద నికెల్ పూత ఉంటుంది. ఆ పూత అందానికి పెట్టింది కాదు. చెమట, తేమ తగిలే చోట ఇత్తడి నల్లబడకుండా కాపాడుతుంది, చాంబర్‌లోంచి కేసు తేలిగ్గా జారి వచ్చేలా చేస్తుంది. 147 గ్రెయిన్ల సాధారణ పీడనపు రకం సెకనుకు 1000 అడుగుల వేగంతో వెళుతుందని కంపెనీ పేర్కొంటుంది. డబ్బాలు రెండు రకాలు: దుకాణాల్లో ఎక్కువగా కనిపించే 20 తూటాల డబ్బా ఒకటి, పోలీసు శాఖల కోసం చేసి బయట కూడా అమ్ముడయ్యే 50 తూటాల డబ్బా ఒకటి.

ఇక అసలు విషయం. స్లైడ్‌ను (పిస్తోలు పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగాన్ని) వెనక్కి లాగి వదిలిన ప్రతిసారీ అది మ్యాగజైన్ పైనున్న తూటాను బలంగా ముందుకు నెడుతుంది; బుల్లెట్ ముక్కు ఫీడ్ ర్యాంప్‌కు (చాంబర్ ముందున్న ఏటవాలు లోహానికి) తగిలి, పైకి వంగి, చాంబర్‌లోకి దూరుతుంది. ఆ తాకిడి బుల్లెట్‌ను కేసులోకి వెనక్కి నెట్టడానికే పనిచేస్తుంది. బుల్లెట్‌ను పట్టి ఉంచేది కేసు మూతి బిగువు, చివర ఉన్న కొద్దిపాటి క్రింప్ (అంచు నొక్కు), అంతే. రివాల్వర్ తూటాకు చేసినట్టు 9 ఎంఎం కేసు అంచును లోపలికి బాగా మడవడం కుదరదు, ఎందుకంటే ఈ తూటా చాంబర్‌లో ఆగేది ఆ కేసు అంచు మీదనే. కాబట్టి తయారీదారుకు ఉన్న వెసులుబాటు చాలా తక్కువ. కొందరు బుల్లెట్ చుట్టూ గాడి వేసి కేసు అంచును అందులోకి నొక్కుతారు, కొందరు కేసు మీదనే బుల్లెట్ అడుగుభాగానికి కాస్త కింద గాడి వేస్తారు, కొందరు కేవలం బిగువు మీద ఆధారపడతారు. ఇవేవీ చాలనప్పుడు బుల్లెట్ వెనక్కి జరుగుతుంది. దాన్నే బుల్లెట్ సెట్‌బ్యాక్ అంటారు.

ఎంత జరిగితే ప్రమాదం అన్నది అర్థం కావాలంటే లోపలి చోటు లెక్క ఒకసారి చూడాలి. 9 ఎంఎం కేసు లోపలి పరిమాణం మొత్తం సుమారు 860 ఘన మిల్లీమీటర్లు. 147 గ్రెయిన్ల బుల్లెట్ పొడవైనది కాబట్టి తూటా మొత్తం పొడవు పరిమితిలో ఉండాలంటే అది కేసులోకి లోతుగా దిగాలి. దాంతో ఆ చోటులో దాదాపు సగం బుల్లెట్టే తీసుకుంటుంది. మిగిలిన సగంలోనే మందు కాలాలి. బుల్లెట్ అంగుళంలో వందో వంతు వెనక్కి జరిగితే ఆ మిగిలిన చోటులోంచి మరో 16 ఘన మిల్లీమీటర్లు పోతాయి. ఇది పైకి చిన్న అంకెలాగే కనిపిస్తుంది. కానీ పొగలేని మందు స్వభావం ఏమిటంటే, పీడనం పెరిగేకొద్దీ అది ఇంకా వేగంగా కాలుతుంది, వేగంగా కాలేకొద్దీ పీడనం ఇంకా పెరుగుతుంది. అందువల్ల చోటు తగ్గిన నిష్పత్తిలోనే పీడనం పెరిగి ఊరుకోదు, దానికంటే ఎక్కువగా పెరుగుతుంది. సాధారణ 9 ఎంఎం తూటాకు అమెరికా పరిశ్రమ సంస్థ సామీ పెట్టిన గరిష్ఠ పరిమితి చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. ఎక్కువ పీడనంతో తయారయ్యే ప్లస్ పీ రకానికి 38,500. ప్లస్ పీ తూటాకు మొదటినుంచీ పరిమితి ఎక్కువ కాబట్టి, సెట్‌బ్యాక్ జరిగినప్పుడు అది మరింత ఎత్తు నుంచి పైకి లేస్తుంది. నేను ప్లస్ పీ రకాన్ని కాకుండా సాధారణ పీడనపు 147 గ్రెయిన్‌ను ఎంచుకోవడానికి ఇదొక కారణం.

మనవాళ్ళలో ఈ సమస్య ఎందుకు ఎక్కువగా వస్తుందో కూడా చెప్పాలి. నేను ఉండేది జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకు ఉత్తరాన. ఇక్కడ తుపాకీ ఉన్న తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఇంట్లో పిల్లలున్నారు; రాత్రి ఇంటికి రాగానే చాంబర్ ఖాళీ చేసి పెట్టడం, పొద్దున్నే మళ్ళీ నింపుకోవడం వాళ్ళకు అలవాటు. దీనికి తోడు, ఈ రాష్ట్ర చట్టం ప్రకారం ప్రార్థనా స్థలంలోకి ఆ సంస్థ పాలకవర్గం అనుమతిస్తే తప్ప తుపాకీ తీసుకువెళ్ళకూడదు. రివర్‌డేల్ దేవాలయానికి బయలుదేరిన ప్రతి శనివారం కారులో కూర్చుని తుపాకీ ఖాళీ చేసేవారూ, తిరిగివచ్చి నింపుకునేవారూ నాకు తెలుసు. పోస్టాఫీసుకు వెళ్ళినా, బడికి వెళ్ళినా ఇదే తంతు. వాళ్ళ ఉద్దేశం మంచిదే. కానీ అన్నిసార్లూ చాంబర్‌లోకి వెళ్ళేదీ, వచ్చేదీ అదే తూటా, లేదా మ్యాగజైన్ పైనున్న అవే రెండు తూటాలు.

హెచ్‌ఎస్‌టీ ఈ వాడకానికి ఎలా తట్టుకుంది? నేను పరిశీలించింది గ్లాక్ 19 పిస్తోలులో. కొలిచింది మిటుటోయో డిజిటల్ కాలిపర్‌తో, అంటే దవడల మధ్య పట్టి పొడవు కొలిచే పరికరంతో. దాని నిర్దిష్టత అంగుళంలో వెయ్యో వంతు. అందువల్ల అంతకంటే చిన్న తేడాలకు నేను విలువ ఇవ్వలేదు. మొదట గమనించాల్సింది, ఒకే డబ్బాలోని కొత్త తూటాల పొడవులు కూడా ఒకేలా ఉండవు. హాలో పాయింట్ మూతి అంచులు అచ్చుగుద్దినట్టు సమానంగా ఉండవు కాబట్టి, వెయ్యో వంతుల్లో మూడు, నాలుగు అటూ ఇటూ ఉండటం సహజం. అందుకే ఒక తూటాను మరొక తూటాతో పోల్చి జరిగిందని తేల్చకూడదు. ప్రతి తూటానూ చాంబర్‌లోకి పంపేముందు కొలిచి, దాని సంఖ్యను దానికే రాసిపెట్టుకుని, తర్వాత దానితోనే పోల్చాలి. కాలిపర్ దవడల మధ్య తూటాను నిలువుగా పట్టుకుని, నెమ్మదిగా కొద్దిగా తిప్పుతూ, కనిపించిన పెద్ద అంకెను తీసుకోవాలి. దవడలను గట్టిగా నొక్కితే మెత్తటి రాగి అంచు నలిగి తప్పుడు అంకె వస్తుంది.

ఈ పద్ధతిలో కొలిచినప్పుడు హెచ్‌ఎస్‌టీ తూటాలు తొలి కొన్ని సార్లు చాంబర్‌లోకి వెళ్ళివచ్చాక కాలిపర్‌కు అందేంత తేడా చూపలేదు. ఆ తర్వాత కూడా కదలిక చాలా నిదానంగా ఉంది. వారాలపాటు కావాలనే ఒకే తూటాను మళ్ళీ మళ్ళీ పంపినప్పుడు మాత్రమే వెయ్యో వంతుల్లో రెండు, మూడు తగ్గింది. బుల్లెట్ ముక్కు కింది అంచున, ర్యాంప్‌కు తగిలే చోట, సన్నని మెరిసే గీత పడుతుంది. అక్కడే రాగి కొంచెం అణిగి ఉంటుంది. అంటే కొలతలో తగ్గిన దానిలో కొంత ఆ అణగడం వల్ల వచ్చినదే, మొత్తమంతా సెట్‌బ్యాక్ కాదు. తేడా తేల్చుకోవడానికి నేను కేసు అంచు దగ్గర బుల్లెట్ చుట్టూ సన్నటి పర్మనెంట్ మార్కర్‌తో గీత గీసి ఉంచాను. బుల్లెట్ లోపలికి జరిగితే ఆ గీత కేసు అంచు కిందికి దిగి సన్నబడుతుంది. హెచ్‌ఎస్‌టీలో అది కంటికి తెలిసేలా సన్నబడలేదు. ఈ విషయంలో నేను దీనికి పూర్తి మార్కులు ఇస్తాను.

పోలిక కోసం ఒక చౌకరకం హాలో పాయింట్‌ను కూడా ఇదే పద్ధతిలో చూశాను. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. రెండో మూడో సారికే మార్కర్ గీత ఒకవైపు మాయమైంది, కొలతలో అంగుళంలో వందో వంతుకు మించిన తేడా కనిపించింది. ఆ తూటాను బొటనవేలితో బల్లకు అదిమితేనే ఇంకాస్త లోపలికి జరిగింది. జెలటిన్ పరీక్షలో ఆ రకం బాగానే నెగ్గి ఉండవచ్చు, కానీ రోజూ నింపి ఖాళీ చేసే చేతుల్లో దాన్ని పెట్టడం నాకు ఇష్టం లేదు.

అయితే బుల్లెట్ కదలలేదు కాబట్టి తూటా బాగుందని అనుకోవడం కూడా సరికాదు. కాలిపర్‌కు అందని నష్టం ఇంకొకటి ఉంది, అది ప్రైమర్‌లో, అంటే తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న గిన్నెలో, జరుగుతుంది. మా పక్కనే ఉన్న గ్విన్నెట్ కౌంటీ పోలీసు శాఖ ఈ విషయంలో తన సిబ్బందిని హెచ్చరించిన సంగతి తుపాకీ శిక్షకులు ఇప్పటికీ ఉదహరిస్తారు. 2011 సెప్టెంబరులో ఆ శాఖకు చెందిన ఒక అధికారి ప్రాణాపాయ పరిస్థితిలో ట్రిగ్గర్ నొక్కితే చాంబర్‌లోని తూటా పేలలేదు. ఆయన శిక్షణ ప్రకారం దాన్ని వెంటనే తీసేసి తర్వాతి తూటాతో బయటపడ్డారు. విచారిస్తే తేలింది ఏమిటంటే, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నందువల్ల ఆయన రోజూ తుపాకీ ఖాళీ చేసేవారు. మ్యాగజైన్ పైనున్న రెండు తూటాలే వంతులవారీగా లోపలికి, బయటికి తిరుగుతూ, కొన్ని నెలల్లో దాదాపు వంద సార్ల వరకు చాంబర్‌లోకి వెళ్ళివచ్చాయి. ఆ తాకిళ్ళకు ప్రైమర్ లోపలి మందు స్థానం తప్పి పోయింది. పైనుంచి చూస్తే తూటా మామూలుగానే ఉంది. డ్యులూత్, సువానీ ప్రాంతాల్లో వందలాది తెలుగు ఇళ్ళున్న కౌంటీ అది. ఆ అధికారి ఇంటి పరిస్థితే మన చాలా ఇళ్ళలోనూ ఉంది.

ఈ లోపం నుంచి హెచ్‌ఎస్‌టీకి గానీ మరే తూటాకు గానీ మినహాయింపు లేదు. ప్రైమర్ గిన్నెలో మందు ఒక పలుచని బిళ్ళలా, ఆన్విల్ అనే చిన్న లోహపు ముక్కకు ఆనుకుని ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఫైరింగ్ పిన్ కొట్టే దెబ్బకు ఆ మందు గిన్నెకూ ఆన్విల్‌కూ మధ్య నలిగితేనే నిప్పు పుడుతుంది. బిళ్ళ పగిలి పొడి అయి పక్కకు రాలితే నలగడానికి అక్కడ ఏమీ ఉండదు. దీన్ని ఇంట్లో కనిపెట్టే మార్గం లేదు. కాబట్టి తూటా ఎంత మంచిదైనా, దాన్ని చాంబర్‌లోకి పంపే సార్లను తగ్గించడం ఒక్కటే నమ్మదగిన ఉపాయం.

నా అభిప్రాయంలో తుపాకీని రోజూ ఖాళీ చేయాల్సిన అవసరమే చాలామందికి లేదు. పిల్లల భద్రతకు చాంబర్ ఖాళీ చేయడం చాలదు; మ్యాగజైన్ పక్కనే ఉంటే ఆ జాగ్రత్తకు అర్థం లేదు. గోడకో మంచానికో బిగించిన, వేలిముద్రతో గానీ మీటలతో గానీ తెరుచుకునే ఉక్కు పెట్టెలో తుపాకీని హోల్‌స్టర్‌తో సహా, నింపి ఉన్నది నింపి ఉన్నట్టే పెట్టి తాళం వేస్తే, పిల్లలకూ రక్షణ ఉంటుంది, తూటాకూ విశ్రాంతి ఉంటుంది. హోల్‌స్టర్ ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పి ఉంటుంది కాబట్టి తీసేటప్పుడూ పెట్టేటప్పుడూ వేలు తగిలే ప్రమాదం ఉండదు. గుడికి వెళ్ళేటప్పుడు కూడా కారు సీటు కింద ఉక్కు తీగతో కట్టిన చిన్న పెట్టెలో హోల్‌స్టర్‌తోనే పెట్టవచ్చు. కారులో కూర్చుని, ఇరుకులో, చీకట్లో స్లైడ్ లాగి తూటా తీయడం కంటే ఇది అన్నివిధాలా సురక్షితం. ఇలా నింపి తీసే సమయాల్లో అనుకోకుండా తుపాకీ పేలే ప్రమాదం ఉంటుంది.

శుభ్రం చేయడానికో, డ్రై ఫైర్ సాధనకో (తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధనకో) ఖాళీ చేయక తప్పనప్పుడు నేను పాటించేది ఇది. తూటా అడుగున, ప్రైమర్‌ను తాకకుండా దాని చుట్టూ ఉన్న అంచు మీద, చాంబర్‌లోకి వెళ్ళిన ప్రతిసారీ మార్కర్‌తో ఒక చుక్క పెడతాను. మూడు చుక్కలు పడ్డాక ఆ తూటా ఇక చాంబర్‌లోకి వెళ్ళదు. మ్యాగజైన్ అడుగుకు చేరుతుంది, తర్వాతి సాధన రోజున కాల్చేస్తాను. మూడుకంటే ముందే కొలతలో వెయ్యో వంతుల్లో ఐదు తగ్గితే వెంటనే పక్కన పెడతాను. అంగుళంలో వందో వంతు తగ్గిన తూటాను కాల్చడం కూడా చేయను. ఈ అంకెలు ఏ సంస్థా నిర్ణయించినవి కావు, నా తుపాకీకి, నా తూటాకు నేను పెట్టుకున్న కట్టుబాటు మాత్రమే. కాలిపర్ లేనివారు కొత్త తూటానూ వాడిన తూటానూ గాజు పలక మీద పక్కపక్కన నిలబెట్టి, పైన ఒక స్కేలు ఆనించి చూస్తే పెద్ద తేడా అయినా తెలుస్తుంది.

రెండు తప్పు పద్ధతులను ఇక్కడ చెప్పకుండా ఉండలేను. సెట్‌బ్యాక్ భయంతో కొందరు తూటాను చేత్తో నేరుగా చాంబర్‌లో వేసి, స్లైడ్‌ను దాని మీదికి వదులుతారు. చాలా పిస్తోళ్ళలో తూటా అంచు మ్యాగజైన్‌లోంచి పైకి లేస్తూ కేసును చాంబర్‌లోంచి బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కిందికి జారాలి. చాంబర్‌లో ముందే కూర్చున్న తూటా మీదికి ఆ కొక్కెం బలవంతంగా ఎక్కితే అది అరిగిపోతుంది, ఒక్కోసారి విరుగుతుంది. ఇంకొకటి మరింత ప్రమాదకరం: ఖాళీ చేసేటప్పుడు ఎజెక్షన్ పోర్టు (తూటా బయటికి వచ్చే కిటికీ) మీద అరచేయి కప్పి, తూటాను చేతిలో పట్టుకోవడం. తూటా బయటికి పోలేక వెనక్కి జారి, దాని ప్రైమర్ ఎజెక్టర్ (తూటాను బయటికి నెట్టే లోహపు ముక్క) మొనకు తగిలితే అది చాంబర్ బయటే, మీ అరచేతిలోనే పేలవచ్చు. తుపాకీని సురక్షితమైన దిక్కుకు పట్టుకుని, తూటాను కింద పరిచిన తువ్వాలు మీద పడనివ్వండి.

హెచ్‌ఎస్‌టీని .40 ఎస్ అండ్ డబ్ల్యూ, .357 సిగ్ అనే వేరే కొలతల తూటాల్లో వాడేవారు నా ఫలితాలను యథాతథంగా తీసుకోకూడదు. .40లో 180 గ్రెయిన్ల బుల్లెట్ కూడా కేసులో చాలా చోటు తీసుకుంటుంది; .357 సిగ్‌లో కేసు మెడ చాలా పొట్టిది, పీడనం పరిమితి చదరపు అంగుళానికి 40,000 పౌండ్లు. ఆ రెండింటిలోనూ సెట్‌బ్యాక్‌ను మరింత కఠినంగా చూడాలి. భారతదేశంలో 9 ఎంఎం పౌరులకు నిషేధిత బోరు కాబట్టి అక్కడి లైసెన్సుదారులకు ఈ తూటా నేరుగా పనికిరాదు, కానీ .32 పిస్తోలు ఉన్నవారికి కొలిచే పద్ధతీ, సార్లు తగ్గించే సూత్రమూ అవే. కోటా ప్రకారం తూటాలు దొరికే చోట పాత తూటానే ఏళ్ళ తరబడి తిప్పుతూ ఉండటం సహజం కాబట్టి, వారికి ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం.

కొనేవారికి ఒక మాట. 20 తూటాల డబ్బాకంటే 50 తూటాల డబ్బా కొనడం మేలు. ఒక్కో తూటా ఖరీదు తక్కువ పడుతుంది, అన్నీ ఒకే తయారీ బ్యాచ్‌వి కాబట్టి కొలతలు పోల్చుకోవడం సులువు. అన్నిటికంటే, చేతిలో సరిపడా కొత్త తూటాలు ఉన్నవాడే అరిగిన తూటాను బాధపడకుండా పక్కన పెడతాడు. ఒకటి, రెండు డాలర్లు మిగుల్చుకోవడానికి ఆ మొదటి తూటా మీద రాజీ పడకండి. హెచ్‌-1బీ, ఎఫ్‌-1 వంటి వీసాల మీద ఉన్న మిత్రులకు మాత్రం, వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, తుపాకీయే కాదు, ఒక్క తూటా దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వారికి డబ్బా కొనిపెట్టవద్దు, వారి ఇంట్లో దాచవద్దు.

పక్కన పెట్టిన, కాల్చకూడని తూటాలను చెత్తబుట్టలో వేయకండి, శ్రావణంతో విప్పే ప్రయత్నమూ చేయకండి. చాలా షూటింగ్ రేంజ్‌లలో పేలని తూటాల కోసం కౌంటర్ దగ్గరే ఒక డబ్బా ఉంటుంది. అక్కడి సిబ్బందికి చెప్పి, సెట్‌బ్యాక్ అయిన తూటాలని తెలియజేసి, అందులో వేసి రండి.